రెండు నుంచి నాలుగు వరకు

ముందే ఒక మాట. ఇందులో తప్పులుంటాయి. నాకు ఒత్తులు ఇంకా సరిగ్గా కుదరవు. ఒక పేజీ నింపడానికి రెండు రోజులు పడుతుంది. యాభై ఎనిమిదేళ్లు నిండాక పలక పట్టినదాన్ని, విసుక్కోకుండా చదవండి. మన కాలేజీ పత్రికకు ఏదైనా రాసివ్వమని సోషల్ మేడమ్ నెల రోజులుగా అడుగుతున్నారు. చదువు వల్ల మీ ఇంట్లో ఏం మార్పు వచ్చిందో రాయండి పెద్దమ్మా అన్నారు. మార్పు వచ్చింది కాబట్టి రాస్తున్నాను. దీన్ని ఎవరిచేతా తిరగరాయించలేదు. గీతలు వంకరగా ఉన్నా నావే.

నేను పెద్దాసుపత్రి లాండ్రీలో పనిచేస్తాను. మా ఆయన చనిపోయిన ఏడాది చేరాను, ఇరవై రెండేళ్లయింది. తెల్లారి అయిదింటికి వెళ్తే ఒంటిగంటకి వదులుతారు. ఉతకడం మిషన్ల పని. మాది ఏరడం, ఆరేయడం, మడతపెట్టడం. దుప్పటి మడతకి ఇద్దరు కావాలి. చెరో కొస పట్టుకుని దులిపి, ఒకరికొకరు ఎదురు నడిచి కొసలు కలపాలి. రోజుకు మూడు నాలుగు వందల సార్లు అలా నడుస్తాం. "ఈ నడకంతా తిన్నగా నడిచుంటే ఈపాటికి సముద్రంలో కాళ్లు కడుక్కునేవాళ్లం" అంటుంది నా ఎదురు మనిషి. అక్కడ నన్ను అందరూ దుప్పట్ల పెద్దమ్మ అనే పిలుస్తారు.

నాకు చదువు చెప్పింది నా కోడలు. దుప్పటి అంచు మీద ఏ వార్డుదో ఆ వార్డు పేరు ముద్ర వేసి ఉంటుంది. అన్నేళ్లూ నేను ఆ ముద్రల్ని బొమ్మల్లా గుర్తుపెట్టుకుని ఏరేదాన్ని. ఒకరోజు పిల్లల పలక మీద ఆ బొమ్మలు గీసి చూపిస్తే కోడలు నవ్వింది. "అత్తయ్యా, సగం అక్షరాలు మీకు వచ్చేశాయి. వాటి పేర్లే తెలియవు మీకు" అంది. ఆ సాయంత్రమే మొదలుపెట్టింది. రెండేళ్లకు నాకు చదవడం వచ్చింది. వచ్చిందంటే ఒక్కో అక్షరం తడుముకుంటూ, చీకట్లో మెట్లు దిగినట్టు. వాక్యం చివరికొచ్చేసరికి మొదట్లో ఏముందో మరిచిపోయేదాన్ని.

కమ్యూనిటీ కాలేజీలో పెద్దవాళ్లను పరీక్ష లేకుండా చేర్చుకుంటారని కూడా తనే కనుక్కుంది. వారానికి మూడు రోజులు, సాయంత్రం అయిదు నుంచి ఏడు దాకా. సామాజిక శాస్త్రాలు, స్త్రీల సమస్యలు అని కోర్సు పేరు. బస్సు డిపో వెనక రెండో అంతస్తులో గది. కిటికీ తీస్తే డీజిల్ వాసన, మూస్తే ఉక్క. మేము పద్దెనిమిది మందిమి, కూరగాయల బండి ఆవిడ దగ్గర్నుంచి రిటైరైన టెలిఫోన్ ఆపరేటర్ దాకా. మేడమ్‌కి నా కోడలి వయసే ఉంటుంది. మొదటిరోజు బోర్డు మీద "కనపడని పని" అని రాసి, దీని గురించి ఎవరికేం తెలుసని అడిగారు. కూరగాయలావిడ లేచి, "తెలియకేం మేడమ్, చెయ్యకపోతే కనపడుతుంది" అంది. గదంతా నవ్వు. నాకు మాత్రం ఆ మాట విన్నాక చాలాసేపు ఏమీ వినపడలేదు.

ఇదంతా మొన్నటి వానాకాలం ముందు సంగతి. ఇక ఆ వానాకాలం చెప్తాను.

మా అబ్బాయి బోర్డులు రాస్తాడు. దుకాణాల పేర్లు, గోడల మీద ప్రకటనలు. వాడి చేతి అక్షరం ముత్యమే. అచ్చు వేసిన బోర్డులు వచ్చాక సగం పని పోయింది. వానల్లో గోడలు తడిసి మిగతా సగమూ ఆగిపోతుంది. అయినా పొద్దున్నే కొట్టుకి వెళ్లి, చీకటి పడేదాకా డబ్బాల మధ్య కూర్చుని వచ్చేవాడు. వాడు తాగడు. అరవడు. చెయ్యి చేసుకునే మనిషి అసలే కాదు. ఒకసారి వద్దన్నాడంటే ఇక ఆ సంగతి లోకంలోనే లేనట్టు ఉంటాడు, అంతే. రెండేళ్ల కిందట కోడలు ఆసుపత్రిలో ఆయా పనికి వెళ్తానంటే, "మా అమ్మ వాళ్ల దుప్పట్లు మడతపెడుతోంది చాలదా, నువ్వు కూడా వెళ్లి వాళ్ల బెడ్‌పాన్లు ఎత్తాలా" అన్నాడు. తర్వాత వారం ఆ మాట మళ్లీ వస్తే, చెవిన పడనట్టు చెప్పులేసుకుని బయటికి పోయాడు.

ఆ ఏడాది వానలు మొదలైన వారానికి ఆసుపత్రి నోటీసు బోర్డు మీద ఒక కాగితం అంటించారు. ఎవరినీ అడక్కుండా నేను సొంతంగా చదివిన మొదటి కాగితం అదే. రోగుల సహాయకులకు శిక్షణ, నలభై రోజులు, రోజూ మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు. ఆదివారం సెలవు. ముప్పై రెండేళ్లు నిండి ఉండకూడదు. వరసగా మూడు రోజులు రాకపోతే పేరు తీసేస్తారు. చివర్లో పరీక్ష. నెగ్గినవాళ్లకి నేరుగా వార్డులో ఉద్యోగం. ఇంటికొచ్చి కోడలికి చెప్పాను. దానికి అప్పటికి ముప్పై రెండు నిండడానికి నాలుగు నెలలుంది.

"ఆయనకు చెప్పకుండా వెళ్తే?" అంది.

నేను సరేనన్నాను. ఉద్యోగం కాగితం చేతికొచ్చాక చెప్దాం, అప్పుడు ఏమంటాడో చూద్దాం అనుకున్నాం ఇద్దరమూ. శిక్షణలో ఇచ్చిన తెల్లకోటు నా పెట్టెలో అడుగున పెట్టేది. రెండింటికి పది నిమిషాల ముందు తలుపు దగ్గరికి వేసి వెళ్లేది, పిల్లలు బడి నుంచి వచ్చే నాలుగుంబావుకి గుమ్మంలో ఉండేది. వచ్చాక నా చెయ్యి పట్టుకుని నాడి చూసేది. "బానే ఉన్నారు అత్తయ్యా, ఇంకో ముప్పై ఏళ్లు నన్ను సాధించొచ్చు" అనేది. అది అలా గలగలా మాట్లాడగా దాని పెళ్లైన కొత్తలో తప్ప నేను వినలేదు.

మాకు కాలేజీలో ఇంటి పని ఇచ్చింది ఆ రోజుల్లోనే. ఒక స్త్రీ ఒక రోజు ఏమేం చేస్తుందో గంట గంటకీ రాయాలి. మూడు గడులు గీయాలి. ఎన్నింటికి, ఏం పని, ఎవరి కోసం. పేరు రాయక్కర్లేదు, పేరు లేకపోతే ఆమె ఎవరో ఎవరికీ తెలియదు, కాబట్టి నిజం రాయొచ్చు అన్నారు మేడమ్. లాండ్రీకి ఒకరోజు సెలవు పెట్టి కోడలి వెనకాల పుస్తకం పట్టుకుని తిరిగాను. అది అంట్లు తోముతుంటే పక్కన ముక్కాలిపీట వేసుకున్నాను.

"నేను తుమ్మినా రాస్తారా అత్తయ్యా?"

"ఎవరి కోసం తుమ్మావో చెప్తే రాస్తాను."

నీళ్లు పట్టడం, వంట, పిల్లల్ని తయారు చేయడం, నా మోకాళ్లకు నూనె రాయడం, మొగుడి చొక్కా రంగు మరకలు కిరసనాయిలుతో తుడవడం. మూడో గడిలో పిల్లలు, మొగుడు, అత్త, మళ్లీ పిల్లలు. నా పేరు అన్నిసార్లు వస్తుందని నేననుకోలేదు. రెండింటికి తను కోటు సంచీలో పెట్టుకుంటూ నా పుస్తకం వైపు చూసి, "ఆ రెండు గంటలూ వదిలేయండి" అంది. వదిలేశాను.

మేడమ్ పుస్తకం చూసి చాలా మెచ్చుకున్నారు. అందరి కంటే వివరంగా ఉందన్నారు. ఖాళీ గడి దగ్గర మాత్రం పెన్సిల్‌తో సున్నా చుట్టి, "ఇదేమైంది పెద్దమ్మా? ఖాళీగా వదలకూడదు. ఏ పనీ లేకపోతే అదే రాయండి" అన్నారు. దీన్ని పెద్ద చార్టు మీద రాసి తీసుకొస్తే గోడకి తగిలిద్దాం, మెయిన్ కాలేజీకి కూడా పంపిద్దాం అన్నారు. జీవితంలో నా పని ఒకటి గోడకెక్కుతుందని విన్నది అప్పుడే.

ఇంటికొచ్చి ఆ గడి నింపాను. "బయటికి వెళ్తుంది. నేర్చుకుంటుంది." మూడో గడిలో "తన కోసం" అని రాశాను. పేజీ మొత్తంలో ఆ మాట అక్కడొక్కచోటే ఉంది. రాశాక దాన్నే నాలుగైదు సార్లు చూసుకున్నాను. ఎందుకు రాశావని మీరడిగితే నా దగ్గర పెద్ద కారణం లేదు. మేడమ్ ఖాళీ వద్దన్నారు. పైగా పేరు లేదు కదా అనుకున్నాను.

చార్టు రాయడం నావల్ల కాలేదు. పెద్దక్షరాలు రాయబోతే చెయ్యి వణికి రెండు చార్టులు పాడుచేశాను. ఆదివారం మధ్యాహ్నం మావాడు ఇంట్లో ఉన్నాడు. కోడలు పిల్లల బూట్లు కుట్టించడానికి వెళ్లింది. నా అవస్థ చూసి వాడు నవ్వాడు. నేను కాలేజీలో చేరినప్పుడు, కలెక్టరువైతే జీపులో నన్ను కూడా ఎక్కించుకో అని ఎగతాళి చేసినవాడు. ఇప్పుడు లేచి వెళ్లి తన కుంచెలు తెచ్చుకున్నాడు. "ఇలా ఇవ్వమ్మా. బోర్డు రాసేవాడి తల్లివి, గోడ మీద ఇలాంటి రాత పెడితే నా పరువు పోతుంది" అన్నాడు.

ఇచ్చేశాను.

ఇక్కడ మీరు నన్ను నమ్మాలి. నాకు ఆ రెండు గంటలు గుర్తుకే రాలేదు. చదువు ముదిరిన కళ్లకు కాగితం చూడగానే సంగతి కనపడుతుందేమో. నాకు అక్షరాలే కనపడేవి. అన్ని గడులు గీశాను, అన్ని మాటలు రాశాను అనే చూసుకునేదాన్ని, మడతపెట్టిన దుప్పట్లు లెక్క చూసుకున్నట్టు. అందులో ఉన్నది ఇంకొకరికి అర్థమవుతుందనీ, అర్థమైంది మనసులోకి పోతుందనీ నాకు అలవాటు లేదు. నా రాత అంతవరకూ మేడమ్ తప్ప ఎవరూ చదవలేదు. వాడు నా కోసం కుంచె పట్టుకున్నాడన్న సంబరంలో టీ కాచిచ్చి పక్కనే కూర్చున్నాను.

పైన "ఒక స్త్రీ, ఒక రోజు" అని నీలం రంగుతో రాశాడు. గీతలు స్కేలు లేకుండానే తిన్నగా గీశాడు. వరసగా రాసుకుంటూ వెళ్తున్నాడు. సగం దాటాక కుంచె ఆగింది. రంగులో ముంచబోయి, అలాగే పట్టుకుని ఉన్నాడు.

"అమ్మా, ఇదంతా నువ్వు కళ్లారా చూసి రాసిందేనా?"

"చూసి రాసిందే. ఒక్క ముక్క అబద్ధం లేదు" అన్నాను గొప్పగా.

వాడు కుంచె రంగులో ముంచాడు. మిగతాది రాసి, ఆరబెట్టి, చుట్టి, వాన తగలకుండా ప్లాస్టిక్ కవరు చుట్టి దారం కట్టాడు. మధ్యలో కోడలు వచ్చింది. మొగుడు చార్టు రాస్తున్నాడని చూసి ఒక్క క్షణం గుమ్మంలో నిలబడింది. ఖాళీ వదిలాననే నమ్మకం దానికి. పిల్లల బూట్లు మూలన పెట్టి, "మా అత్తయ్య ఫస్టు క్లాసే" అనుకుంటూ లోపలికి వెళ్లింది.

మర్నాడు క్లాసులో మేడమ్ చార్టు విప్పి గోడకి తగిలించగానే అందరూ ఆ చేతిరాతకే ముక్కున వేలేసుకున్నారు. మేడమ్ పైనుంచి గట్టిగా చదివారు. మధ్యాహ్నం గడి దగ్గరికి వచ్చారు.

"రెండు నుంచి నాలుగు వరకు, నిద్ర. తన కోసం."

మేడమ్ ఆగి నా వైపు చూసి నవ్వారు. ఇది చాలా ముఖ్యమైన విషయం, ఇంత పనిలో కూడా ఈమెకు రెండు గంటల విశ్రాంతి దొరుకుతోంది, ఇంట్లోవాళ్లు ఆ మాత్రం చూస్తున్నారన్నమాట అన్నారు. పక్కనున్న టెలిఫోన్ ఆపరేటర్, "అదృష్టవంతురాలు. నాకు రిటైరయ్యాక కూడా పగటి నిద్ర లేదు" అంది. నేను లేచి చార్టు దగ్గరికి వెళ్లాను. ఒక్కో అక్షరం వేలు పెట్టి చదివాను. రెండో గడిలో మాట మార్చాడు. మూడో గడిలో నా మాట నాకే ఉంచాడు.

అది అబద్ధమని అప్పుడే చెప్పి ఉండొచ్చు. పద్దెనిమిది మందిలో ఒక్కరూ వెళ్లి మావాడికి మోసేవాళ్లు కాదు. బాగా రాశారు పెద్దమ్మా అని మేడమ్ అంటుంటే తలూపి వచ్చి కూర్చున్నాను.

ఆ రోజు మధ్యాహ్నం నుంచే మావాడు ఇంటికి రావడం మొదలుపెట్టాడట. నేను లాండ్రీ నుంచి వచ్చి, అన్నం తిని, సరుకులకని బజారుకి వెళ్లి అక్కణ్నుంచే కాలేజీకి పోయాను కాబట్టి నాకు తెలియలేదు. మంగళవారం కళ్లారా చూశాను. ఒకటిన్నరకి వచ్చాడు. చొక్కా విప్పి మేకుకి తగిలించి, మంచం వాకిలికి అడ్డంగా జరుపుకుని పడుకున్నాడు. వాన కదా, గోడ పని లేదు, కొట్లో దోమలు అన్నాడు. కోడలు వంటగదిలో నిలబడి గోడ గడియారం వైపు చూస్తోంది. రెండైంది. రెండుంబావు. వాడు పేపరు తిరగేస్తున్నాడు. నేను మోకాళ్ల మందు అయిపోయింది, తెచ్చిపెట్టరా అన్నాను. నిమిషంలో లేచాడు, పది నిమిషాల్లో తిరిగొచ్చాడు. మందు నా చేతిలో పెట్టి, "ఇంకేమైనా కావాలామ్మా?" అని అడిగాడు. ఏం లేదురా అన్నాను.

ఒక్క మాట, ఒక్క ప్రశ్న లేదు. అడిగితే కోడలు జవాబు చెప్పేది. జవాబు దాని దగ్గర ఎప్పట్నుంచో సిద్ధంగా ఉంది, నాకు తెలుసు. నువ్వు ఎక్కడికెళ్తున్నావని వాడు అడగలేదు కాబట్టి అది నోట్లోనే ఉండిపోయింది.

నాలుగింటికి వాడు లేచి ముఖం కడుక్కుని కొట్టుకి వెళ్లాడు. కోడలు వచ్చి నా ఎదురుగా కింద కూర్చుంది.

"ఆయనకి ఎవరో చెప్పారత్తయ్యా."

"నేనే."

"చెప్పారా?"

"చెప్పలేదు. రాశాను."

నా పుస్తకం తెచ్చి చూపించాను. రాయడానికి నాకు రోజంతా పట్టినదాన్ని అది రెప్పపాటులో చదివేసింది. పుస్తకం మూసి అట్ట మీద చెయ్యి పెట్టి కూర్చుంది. తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

"మీకు అక్షరాలు నేర్పింది నేనే కదూ" అంది. ఆ తర్వాత లేచి, పిల్లలొచ్చే వేళయిందని పాలు పొయ్యి మీద పెట్టింది.

బుధవారం లాండ్రీ నుంచి ఇంటికి రాకుండా నేను శిక్షణ జరిగే షెడ్డుకే వెళ్లాను. హాజరు వేసే పెద్ద నర్సుకి కోడలికి జ్వరమని చెప్పాను. ఆవిడ నన్ను ఎరుగును. మంచి మనిషే. పుస్తకం తిప్పి చూసి, నలభైలో ముప్పై ఒకటి వచ్చింది, పనితనం బాగుంది, అయ్యో అంది. ఇవాళ్టికి మూడు రోజులు పెద్దమ్మా, రేపు ఎలాగైనా పంపించు, ఒక్క గంటైనా వచ్చి కూర్చోనీ, నేను సర్దుతాను అంది.

ఇంటికొచ్చేసరికి వాడు మంచం మీద ఉన్నాడు. రేపటి సంగతి ఇప్పుడే తేల్చేద్దామని పక్కన కూర్చున్నాను. షెడ్డు నుంచి దారిపొడుగునా మాటలు కూర్చుకుంటూ వచ్చాను. మేడమ్ నేర్పిన మాటలు కూడా ఉన్నాయి అందులో. హక్కు, శ్రమ, నిర్ణయం.

"నాన్నా, అది వెళ్తోంది చెడ్డచోటికి కాదురా."

వాడు పేపరు దించలేదు. "ఎవరమ్మా? ఎక్కడికి?" అన్నాడు.

నిజంగా తెలియని మనిషి అడిగినట్టే అడిగాడు. నేను చెప్పబోయాను. వంటగదిలోంచి కోడలు, "అత్తయ్యా, కాళ్లు కడుక్కుని రండి, వడ్డించాను" అంది. ఆ గొంతులో నన్ను ఆపమని ఉంది. వాడితో పోట్లాడి గెలిచినా ఆ తర్వాత వాడితో ఉండాల్సింది నేను కాదు. లేచి వెళ్లి కాళ్లు కడుక్కున్నాను.

గురువారం ఎండ కాసింది. ఊళ్లో గోడలన్నీ ఆరాయి. వాడు ఒకటిన్నరకే వచ్చాడు.

పేరు తీసేశారు. శుక్రవారం తెల్లకోటు నేనే తీసుకెళ్లి ఇచ్చాను. ఇస్త్రీ చేసి ఉంది, కోడలే చేసింది. మళ్లీ శిక్షణ ఎప్పుడని అడిగితే ఏడాది తర్వాత ఉండొచ్చంది నర్సు. వయసు సంగతి ఆవిడా అనలేదు, నేనూ అడగలేదు.

నెల పోయాక వాడు మధ్యాహ్నాలు రావడం మానేశాడు. రావాల్సిన అవసరం లేదని వాడికి తెలిసిపోయింది. ఇప్పుడు కోడలు ఆ వేళకి వంట సర్దేసి, గోడ వైపు తిరిగి పడుకుంటుంది. నిద్ర పట్టదు, వెనక నుంచి చూసినా తెలుస్తుంది. నాతో మంచిగానే ఉంటుంది. మోకాళ్లకు నూనె రాస్తుంది. నాడి చూడదు. నేను చదువుతూ ఎక్కడైనా ఆగిపోతే ఇదివరకు పొయ్యి దగ్గర్నుంచే ఆ మాట అందించేది. ఇప్పుడు ఆగిపోతే ఆగిపోయినట్టే.

పరీక్షల ముందు మేడమ్ దగ్గరికి వెళ్లి జరిగిందంతా చెప్పాను. ఆ గడి దిద్దండి, నిద్ర కాదు అని రాయండి అన్నాను. మేడమ్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. పేరు రాయకపోతే ఎవరికీ తెలియదని నేనే చెప్పాను కదా అన్నారు. తర్వాత చెప్పారు. చార్టులన్నీ మెయిన్ కాలేజీకి వెళ్లిపోయాయి. అక్కడ పద్దెనిమిది మంది గంటలూ కలిపి, భాగించి, సగటున ఇక్కడి గృహిణికి మధ్యాహ్నం ఇన్ని నిమిషాల విశ్రాంతి దొరుకుతోందని అచ్చు వేశారు. అందులోంచి మీ కోడలి రెండు గంటల్ని విడిగా బయటికి తీయడం ఇక కుదరదు పెద్దమ్మా అన్నారు. ఆ అచ్చు పుస్తకం నాకొకటి ఇచ్చారు. కోర్సులో నాకు మంచి మార్కులొచ్చాయి.

ఇది రాయడం మొదలుపెట్టే ముందు, ఈసారి కోడల్ని అడిగాను. ఇలా పత్రికకు అడుగుతున్నారు, మన సంగతి రాయనా, వద్దంటే మానేస్తాను అన్నాను. అది పిల్లల బట్టలు మడతపెడుతోంది.

"రాయండి అత్తయ్యా" అంది. "ఇప్పుడు దాచడానికి ఏముంది?"

ఇట్లు,
దుప్పట్ల పెద్దమ్మ
వయసు అరవై ఒకటి
ఉండేది కొడుకూ కోడలి ఇంట్లో, ముందు గదిలో